రంగు కింద చుక్క

నాకు కోపం ఎక్కువని మా శాలిబండ బస్తీ అంతా చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి. ఊపిరి బిగబట్టి, చెయ్యి వణక్కుండా, అగ్గిపుల్ల మందం చట్రం మీద రంగు కొడుతున్నప్పుడు పక్కన కూర్చుని ఎండుమిరపకాయలు దంచితే కోపం రాని మనిషి ఎవడైనా ఉంటే నాకు చూపించండి, వాడికి దండం పెడతాను.

నా పేరు ప్రకాశం. ఇరవై ఏళ్లుగా ఫోటో స్టూడియోలో నలుపు తెలుపు ఫోటోలకు రంగులు వేస్తున్నాను. పెళ్లికూతురి చీరకు ఎరుపు, పెళ్లికొడుకు బుగ్గలకు కాస్త గులాబీ, ముసలాయన మొహం మీద మచ్చలుంటే మాయం. ఎంతమంది పుట్టుమచ్చలు చెరిపేశానో నాకే తెలియదు. ఆ పని ఎయిర్ బ్రష్‌తో చేస్తాను. అది పెన్నులా ఉంటుంది. ముందు సన్నటి సూది, పైన రంగు పోసుకునే బుల్లి గిన్నె, కింద గాలి గొట్టం. మీట నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. నాకు వచ్చిన విద్య అదొక్కటే.

ఇప్పుడేమో ఊళ్లోకి కలర్ ఫోటోలొచ్చి పడ్డాయి. రంగులు వేయించుకునే దిక్కు లేదు. ఒకరోజు స్టూడియో సేటు నాకు ఇరానీ చాయ్ తెప్పించి, సమోసా తెప్పించి, అవి గొంతు దిగాక చెప్పాడు. "ఏం చెయ్యాలె ప్రకాశం భాయ్, ఎవ్వరు అడుగుతలేరు. వచ్చే నెలకెళ్లి వేరే పని చూసుకో."

వేరే పని! ఈ వయసులో నేను వెళ్లి గాజులమ్మాలా, బండి లాగాలా?

అప్పుడే వడ్రంగి బసవయ్య ఒక కబురు తెచ్చాడు. ఊరి బయట కుర్రాళ్లకు విమానం నడపడం నేర్పే శిక్షణ కేంద్రం ఒకటుంది. బసవయ్య అక్కడ బెంచీలు బాగుచేస్తాడు. పాఠాలు చెప్పడానికి వాళ్లకు చిన్న చిన్న నమూనా విమానాలు కావాలట. అవి చేసే మనిషిని నౌకరీలోకి తీసుకుంటారట. ముందు ఒక విమానం చేసి చూపించాలి. శుక్రవారం ఆఫీసరు చూస్తాడు. నచ్చితే ఉద్యోగం, నచ్చకపోతే లేదు.

"కట్టె పని నేను చేసి ఇస్త అన్నా," అన్నాడు బసవయ్య. "రంగు నువ్వు కొట్టు. కానీ ఆ ఆఫీసరు భూతద్దం పెట్టి చూస్తడంట. ముఖ్యంగ కానోపీ చూస్తడంట."

కానోపీ అంటే పైలట్ నెత్తి మీద ఉండే గాజు కప్పు. నిజం విమానానికైతే ఎలా చేస్తారో నాకు తెలియదు గానీ, జానెడు విమానానికి మేం చేసిన తీరు చెబుతాను. గాజుల దుకాణాల్లో డబ్బాలకు పల్చని ప్లాస్టిక్ మూతలుంటాయి, అద్దంలా లోపలి గాజులు కనపడేవి. అలాంటివి నాలుగు బతిమాలి తెచ్చుకున్నాను. బసవయ్య కానోపీ ఆకారంలో కట్టెతో అచ్చు చెక్కి ఇచ్చాడు. మూతను చెక్క చట్రానికి బిగించి, బొగ్గుల కుంపటి మీద తిప్పుతూ వేడి చేస్తే కాసేపటికి అప్పడంలా మెత్తబడుతుంది. సరిగ్గా ఆ క్షణాన అచ్చును దాని మీద నొక్కాలి. తొందరపడితే చిరుగుతుంది, ఆలస్యం చేస్తే బుడగలొస్తాయి. తర్వాత పళ్లపేస్టు రాసి మల్మల్ గుడ్డతో గీతలు పోయేదాకా రుద్దాలి. సబ్బునీళ్లతో కడిగి, ఇక వేలు తగలనివ్వకూడదు.

ఇదంతా అయ్యాక అసలు పని మొదలవుతుంది. కానోపీ మీద చట్రాలుంటాయి, కిటికీ చువ్వల్లాగ. అద్దం భాగమంతా సన్నటి టేపుతో కప్పి, బ్లేడుతో కోసి, చువ్వలు మాత్రం బయట ఉంచాలి. ముందు నలుపు కొట్టాలి, లోపలి నుంచి చూస్తే చట్రం నల్లగా కనపడాలి కాబట్టి. ఒక రాత్రి ఆరాక దాని మీద పసుపు. పసుపు గట్టిపడక ముందే టేపు లాగేయాలి. అప్పుడు చట్రం అంచు బ్లేడుతో కోసినట్టు వస్తుంది. చెప్పడానికి బాగానే ఉంది.

మేం అద్దెకుండేది అజ్మతున్నీసా ఖాలా ఇంట్లో. ఖాలా అంటే పిన్ని, మేం ఆమెను అలాగే పిలుస్తాం. నడుమ వాకిలి, అటు ఆమె గది, ఇటు మా గది. మేమంటే నేను, నా భార్య లీలమ్మ, మూడేళ్ల కూతురు రూతు. ఇంట్లో రంగు వాసనకు పిల్ల దగ్గుతుందని నేను వాకిట్లోనే పని పెట్టుకున్నాను. ఆరబెట్టిన కానోపీని మా వసారాలో పీట మీద ఉంచి, పాలగిన్నె మీద బోర్లించే జాలీ మూత కప్పేవాడిని.

ఖాలా గురించి ఒక మాట చెప్పాలి. ఆమె రోజూ పొద్దున్నే రూతును ఒళ్లో కూర్చోబెట్టుకుని, దిష్టి తగలకుండా బుగ్గన కాటుక చుక్క పెడుతుంది. నేను రోజూ స్టూడియోకి పోయే ముందు జేబురుమాలు తీసి దాన్ని తుడిచేస్తాను. ఇది మా ఇద్దరికీ రోజూ ఉండే లొల్లి.

"మేం చర్చికి పోయేటోళ్లం ఖాలా, మాకు గివన్ని లేవు," అంటాను నేను.

"చర్చికి పోయేటోళ్లకు నజర్ తగలదా? మీ చర్చిల అందరు కండ్లు మూసుకొని కూసుంటరా?" అంటుంది ఆమె.

ఏం చెప్పమంటారు? ప్రార్థనప్పుడు నిజంగానే మూసుకుంటాం. ఆ మాటంటే ఇంకో గంట వాదిస్తుందని నోరు మూసుకునేవాడిని.

మొదటి కానోపీ నా తొందర వల్లే పోయింది. స్టూడియోలో వాడే ఘాటు థిన్నరు కలిపి కొట్టాను. కళ్ల ముందే ప్లాస్టిక్ మీద సన్నని పగుళ్లు పాకాయి. తప్పు నాది, నన్ను నేనే తిట్టుకున్నాను. ఎనామిల్ రంగు తెచ్చి, టర్పెంటైన్ కలిపి రెండోది మొదలుపెట్టాను. సాయంత్రం నలుపు కొట్టాను. అద్భుతంగా వచ్చింది. పాలవాడు చూసి "అబ్బా!" అన్నాడు. పొద్దున పసుపు కొట్టాను. ముందు వైపు చువ్వలు, పక్క చువ్వలు, అన్నీ బంగారంలా కూర్చున్నాయి. వెనక వంపు దగ్గరికి వచ్చేసరికి రంగు నిలవలేదు. ఒకచోట పసుపు విడిపోయి చుట్టూ జరిగింది, మధ్యలో మెంతి గింజంత నల్లటి గుంట మిగిలింది. ఇంకో పూత కొట్టాను. మళ్లీ విడిపోయింది. కుంచెతో అద్దితే పుండుకు పట్టీ వేసినట్టు తయారైంది. తుడిచేద్దామని టర్పెంటైన్ పెడితే అద్దం మసకబారి ఊరుకుంది.

రంగు అలా విడిపోయిందంటే అక్కడ నూనె తగిలిందన్నమాట. ఏ పెయింటరును అడిగినా చెబుతాడు. మరి నూనె ఎక్కడి నుంచి వచ్చింది? నేను చుట్టూ చూశాను. లీలమ్మ పొయ్యి మీద తాలింపు వేస్తోంది. ఆవాలు చిటపటలాడుతున్నాయి, పొగ వాకిట్లోకే వస్తోంది.

"ఆపు! ఆపు! నీ తాలింపే నా కొంప ముంచింది!" అని అరిచాను.

లీలమ్మ గరిటె పట్టుకునే బయటికొచ్చింది. "తాలింపు నీ విమానానికేం చేసిందయ్యా?"

"నూనె పొగ పోయి దాని మీద కూసుంటున్నది. ఈ పని అయ్యేదాంక ఇంట్ల తాలింపు బందు. పూరీలు బందు, అప్పడాలు బందు."

"ఇగ నీళ్లు గూడ బందు పెట్టు," అంది లీలమ్మ. కానీ పాపం, మాట విన్నది. ఆ పూట నుంచి ఉడకబెట్టిన పప్పు, ఉప్పు, అన్నం. రూతు కంచం తోసేసి ఏడ్చింది. నాకూ నోరు చచ్చిపోయింది గానీ బయటపడలేదు.

మూడో కానోపీ చేశాను. ఈసారి చేతులు సబ్బుతో కడుక్కున్నాను, తలకు నూనె రాసుకోవడం మానేశాను, చొక్కా విప్పేసి బనియన్‌తో కూర్చున్నాను. ఇంట్లో నూనె సీసా మూత కూడా తీయలేదు. నలుపు మెరుగ్గా ఆరింది. పొద్దున పసుపు కొట్టాను.

అదే గుంట. అదే వెనక వంపు. అదే చోటు!

ప్రభువా, నేను నీకేం అన్యాయం చేశానని పైకే అడిగాను. ఎయిర్ బ్రష్‌ను విసిరికొట్టాలన్నంత కోపం వచ్చింది. బతుకుతెరువు అదే కాబట్టి చేతిలోనే ఉంచుకుని, కాలితో పీటను తన్నాను. పీటకేమీ కాలేదు, బొటనవేలు వాచింది.

తాలింపు కాదు. మరి ఇంకేమిటి? గాలి! నా ఎయిర్ బ్రష్‌కు గాలి యంత్రం లేదు. ఒక పాత లారీ ట్యూబును వీధి చివర ఖయ్యూం సైకిల్ దుకాణంలో నింపించుకుని, దానికి రబ్బరు గొట్టం తగిలించి వాడుకుంటాను. ఆ పంపులో నూనె ఉండదూ? గాలితో పాటు అదీ ట్యూబులోకి వస్తుంది, ట్యూబులోంచి నా రంగులోకి వస్తుంది. దొరికాడు దొంగ అనుకున్నాను. ట్యూబు భుజాన వేసుకుని కుంటుకుంటూ దుకాణానికి పోయాను.

"ఖయ్యూం, నీ పంపుల నూనె ఉన్నది. నా కానోపీలు ఖరాబైనయి," అన్నాను.

ఖయ్యూం పంచర్ చూస్తున్న ట్యూబును నీళ్ల తొట్టిలో వదిలేశాడు. "నా పంపుల నూనెనా? పొద్దుకెళ్లి ఇంతమంది గాలి కొట్టించుకుంటరు, ఒక్కడన్న అన్నడా?"

"సైకిల్ ట్యూబుల నూనె పడితె ఎవనికి తెలుస్తది? నీది పంపు కాదు, గానుగ!"

అక్కడ చాయ్ తాగుతున్నవాళ్లు గొల్లున నవ్వారు. ఖయ్యూం మొహం మాడిపోయింది. వాడు లేచి నా ట్యూబు వైపు వేలు చూపించాడు. "అన్నా, ఇగ దాన్ని నా దుకాణంకు తేకు. నీకు గాలి లేదు. పో."

పోతే పో అనుకుని వచ్చేశాను. శాలిబండలో గాలికి కరువా? తర్వాత ఆలోచిస్తే కరువే. మా వైపు ఉన్న రెండో పంపు ఖయ్యూం తమ్ముడిది. దూరం పోయి నింపించుకుందామంటే, ఉబ్బిన లారీ ట్యూబును ఏ కండక్టరు బస్సెక్కనిస్తాడు?

మిగిలింది ఒకే ఒక్క మూత. మళ్లీ కుంపటి, మళ్లీ అచ్చు, మళ్లీ పేస్టు. చేతులు చేసుకుంటూ పోతున్నాయి గానీ నాలో నమ్మకం పోయింది. బుధవారం సాయంత్రం ట్యూబులో అడుగూ బొడుగూ ఉన్న గాలితో నలుపు కొట్టాను. చివరికి ట్యూబు చప్పబడి తుస్సుమంది. పసుపుకు గాలి లేదు. ఉన్నా ఏం లాభం, మళ్లీ అదే గుంట పడుతుంది. శుక్రవారం ఆఫీసరు ముందుకు ఏ మొహం పెట్టుకుని పోవాలి?

గురువారం తెల్లవారుతూనే మెలకువ వచ్చింది. కానోపీ చూద్దామని తలుపు తీశాను. వసారాలో జాలీ మూత పక్కన పెట్టి ఉంది. పీట ముందు అజ్మతున్నీసా ఖాలా గొంతుక్కూర్చుని ఉంది. ఎడమ చేతిలో కాటుక డబ్బీ. కుడి చేతి ఉంగరపు వేలు నా కానోపీ వెనక వంపు మీద ఉంది.

"ఖాలా!" అని కేక పెట్టాను.

ఆమె ఉలిక్కిపడనైనా లేదు. "ధీరే, ధీరే. అరవకు. చెయ్యి కదుల్తది," అంది.

నేను అందరికీ చెప్పే మాట నాకే చెప్పింది!

"ఏం చేస్తున్నవ్ ఖాలా?"

"రోజు చేసేదే. నువ్వు నల్ల రంగు కొట్టినప్పుడల్ల పొద్దుగాల వచ్చి ఒక చుక్క పెడ్త. నజర్ తగలొద్దని."

నల్ల రంగు మీద నల్ల కాటుక. ఏ భూతద్దానికి కనపడుతుంది? ఆముదం దీపం మసిలో నెయ్యి కలిపిన కాటుక! దాని మీద పసుపు నిలుస్తుందా? ఆ వాకిట్లో నేనెంత అరిచానో వీధి చివర పాలవాడు చెబుతాడు.

"నువ్వేనా! కానోపీ మీద కానోపీ ఖరాబ్ చేసింది నువ్వేనా! అది నూనె ఖాలా! నూనె మీద రంగు పడ్తదా? నీ చుక్కతోని నా నౌకరి పోతున్నది! అంత పెట్టాలనిపిస్తే అంత అయినంక, రంగు మీద పెట్టరాదా?"

ఆమె కూడా లేచి నిలబడింది. గొంతులో నాకేం తీసిపోదు. "రంగు మీద పెడ్తే నువ్వు తుడుస్తవ్ గద! పోరి బుగ్గ మీద రోజు తుడుస్తలేవా? అందుకే రంగు కింద పెట్టిన. కింద పెడ్తే ఎవ్వడు తుడువడు!"

"కింద పెడ్తే ఎవనికి కనపడ్తది?"

"నజర్‌కు కనపడ్తది. నీకు కనపడకుంటె చాలు."

ఆమె ఆగలేదు. "పాలోడు చూసి అబ్బా అన్నడు. బసవయ్య చూసి నిజం విమానమే అన్నడు. మా ఖయ్యూం గాడు గూడ మస్తుగున్నది ఫూఫీ అన్నడు. ఇంతమంది కండ్లు పడ్డంక నేను ఊకుంటనా? నీ నౌకరి పోవద్దనే గద పెట్టింది!"

వెనక నుంచి లీలమ్మ గొంతు వినిపించింది. "అంటే, ఇన్నొద్దులు మేం తాలింపు లేని పప్పు తిన్నది ఉత్తగనేనా?"

నేను వెనక్కి తిరగలేదు. నవ్వుతోందో ఏడుస్తోందో చూసే ధైర్యం లేదు. దూది తెచ్చి, సబ్బునీళ్లతో ఆ చుక్కను తుడిచాను. ఒకసారి, మరోసారి, ఇంకోసారి. నల్ల రంగు గట్టిగానే ఉంది, పాడవలేదు. ఈ ఒక్కటి దక్కింది, కానీ గాలి లేదు!

చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని, ట్యూబు పట్టుకుని ఖయ్యూం దగ్గరికి పోయాను. వాడు తలెత్తలేదు.

"ఖయ్యూం, నీ పంపుల నూనె లేదు. తప్పు నాదే. జర గాలి కొట్టు," అన్నాను. ఆ ఒక్క ముక్క అనడానికి నా పంచప్రాణాలు పోయాయి.

"గానుగల గాలి దొరకదన్నా, నూనె దొరుకుతది. ఎంత కావాలె?" అన్నాడు వాడు స్పానరు తిప్పుతూ.

చప్పబడిన ట్యూబు భుజాన వేసుకుని ఇంటికొచ్చి వసారాలో కూలబడ్డాను. ఖాలా తన గడప మీద కూర్చుని అడకత్తెరతో వక్కలు కత్తిరిస్తోంది. నన్ను చూసింది. ట్యూబును చూసింది.

"ఖయ్యూం నా అన్న కొడుకు, నేను వాని ఫూఫీని. నేను చెప్తే కొడ్తడు," అంది.

"చెప్పు ఖాలా. నీ కాళ్లు మొక్కుత."

"చెప్త. చుక్క పెట్టనియ్యి."

నాకు ఏడుపొచ్చింది. కోపంతో వచ్చిన ఏడుపు. "ఆఫీసరు భూతద్దం పెట్టి చూస్తడు ఖాలా! ఏడ పెట్టినా దొరుకుతది! రెక్క మీద పెడ్తే కనపడ్తది, తోక మీద పెడ్తే కనపడ్తది. పోనీ, పొట్ట కింద పెట్టు."

"పొట్ట కింద పెడ్తరా ఎవరన్న?" అని ఆమె వక్కలు పక్కన పెట్టి వచ్చింది. విమానాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది. కానోపీ ఇంకా అతికించలేదు కాబట్టి లోపల కూర్చున్న పైలట్ బొమ్మ కనపడుతోంది. బసవయ్య చెక్కిన వేలెడు కన్నా చిన్న బొమ్మ. మొహానికి రంగు నేనే వేశాను.

"లోపల కూసున్నోడు ఎవడు?"

"పైలటు."

"వానికి పెట్టు. చెంప మీద."

"వాడు కట్టె బొమ్మ ఖాలా! పైగా మగోడు, మీసాలున్నోడు!"

"మీసాలుంటె? వాడు గూడ ఒక తల్లికి కొడుకే గద. ఇంట్ల ఆమె విమానం కోసం మొగులు దిక్కు చూసుకుంట కూసోదా?"

నేను లీలమ్మ వైపు చూశాను. రూతును ఎత్తుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "పెట్టరాదయ్యా. ఒక్క చుక్కకు ఇంత లొల్లా?" అంది.

ఖాలా కాటుక డబ్బీ చాపింది. తన చేతులు వణుకుతాయని, లోపలికి వేలు పట్టదని, నన్నే పెట్టమంది. నా దగ్గరున్న అన్నిటికన్నా సన్న కుంచె తీశాను. కొన మీద కాటుక తీసుకుని, ఊపిరి బిగబట్టి, ఆ పైలట్ ఎడమ చెంపన చుక్క పెట్టాను. ఇరవై ఏళ్లు మనుషుల మొహాల మీద మచ్చలు చెరిపినవాణ్ని, మొదటిసారి ఒక మొహం మీద మచ్చ పెట్టాను. సరిగ్గానే కుదిరింది. అది చూసి నాకింకా ఒళ్లు మండింది.

ఖాలా బురఖా వేసుకుని, ట్యూబు పట్టుకుని వీధిలోకి పోయింది. ఆమె ఏం చెప్పిందో నాకు తెలియదు. ఖయ్యూం ట్యూబును ఉబ్బేదాకా నింపి, తనే దొర్లించుకుంటూ వచ్చి మా వాకిట్లో పడేశాడు. "ఫూఫీ మొహం చూసి తెచ్చిన. నీ మొహం చూసి కాదు," అని చెప్పి మరీ పోయాడు.

పసుపు కలిపాను. కాగితం మీద కొట్టి చూసుకున్నాను. కానోపీకి జానెడు దూరం నుంచి, చెయ్యి ఆపకుండా, పల్చటి పూత. ఆరనిచ్చి ఇంకో పూత. వెనక వంపు దగ్గరికి వచ్చాను. పసుపు అక్కడ కూడా నిలిచింది. ఒక్క గుంట లేదు. మూడో పూత కొట్టి, కాసేపాగి, టేపును వెనక్కి మడిచి మెల్లగా లాగాను. అంచులు గీసినట్టు వచ్చాయి. అద్దం నీళ్లలా ఉంది. ఘాటైన జిగురు వాడితే లోపల పొగ పడుతుందని తెల్ల గమ్ముతో అంటించాను. ఇక అది ఊడి రాదు, ఊడదీస్తే పగులుతుంది.

శుక్రవారం అట్టపెట్టెలో దూది పరిచి, విమానాన్ని పడుకోబెట్టి, బస్సులో ఎవరి మోచెయ్యి తగిలినా కసురుతూ పోయాను. ఆఫీసరు గదిలో బల్ల మీద నాకంటే ముందొచ్చినవాళ్ల విమానాలు రెండున్నాయి. ఒకదాని కానోపీ లోపల జిగురు పొగ పట్టి తెల్లబడింది. నాకు కాస్త ప్రాణం లేచొచ్చింది.

ఆఫీసరు నా విమానం చేతిలోకి తీసుకున్నాడు. రెక్కలు చూశాడు. తోక చూశాడు. భూతద్దం తీసి కానోపీ చట్రం మీద ముందు నుంచి వెనక్కి జరిపాడు. వెనక వంపు దగ్గర కూడా ఆగలేదు. "బాగుంది," అన్నాడు. నేను ఊపిరి వదలబోయాను. అంతలో భూతద్దం ఆగింది.

"పైలట్ చెంప మీద ఏమిటది? నల్లగా?"

నేనూ మెడ సాచి భూతద్దంలోకి చూశాను.

"దుమ్మా? రంగు చిందిందా? తీసేయగలరా?"

"తియ్యాలంటె కానోపీ పలగ్గొట్టాలె సార్."

ఆయన మొహం చిట్లించాడు. "ఇంత పని చేసి, అంటించే ముందు లోపల చూసుకోలేదా?"

చూసుకోలేదా! నాలుగు మూతలు, తాలింపు లేని పప్పు, వాచిన బొటనవేలు, గానుగ, గురువారం పొద్దున, అన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి. ఉద్యోగం పోతే పోయింది. పని చూసుకోలేదన్న మాట మాత్రం పడను.

"చూసుకోకపోవుడేంది సార్? అది చిందలే. నేనే పెట్టిన. దిష్టి చుక్క అది!"

ఆఫీసరు తలెత్తాడు. పక్కన రాసుకుంటున్న గుమాస్తా కూడా పెన్ను ఆపాడు. "పైలట్‌కు దిష్టి చుక్కా?"

"వాడు గూడ ఒక తల్లికి కొడుకే గద సార్."

అన్నాక తెలిసింది అవి ఖాలా మాటలని. నా నోట్లోంచి ఎలా వచ్చాయో వచ్చేశాయి. ఇక అయిపోయింది, పెట్టె సర్దుకుందామని చెయ్యి చాపాను.

ఆయన విమానం ఇవ్వలేదు. భూతద్దం బల్ల మీద పెట్టి, దాన్ని కిటికీ వెలుగులోకి తీసుకుపోయి, మామూలు కంటితో ఆ కానోపీలోకి చాలాసేపు చూశాడు. కిటికీ బయట ఖాకీ బట్టల్లో కొందరు కుర్రాళ్లు వరసగా నడుస్తున్నారు. మీసాలు ఇంకా సరిగా రాని పిల్లలు. వాళ్ల వైపు కూడా చూశాడు.

"లోపలున్న అంత చిన్న చుక్క బయటికి కనపడుతోందంటే, కానోపీకి ఇంకేం పరీక్ష కావాలి?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఉండనివ్వండి దాన్ని. ఇకముందు చేసేవాటికి కూడా పెట్టండి," అన్నాడు. గుమాస్తాను పిలిచి నా పేరు రాసుకోమన్నాడు. ఒకటో తారీఖు నుంచి రమ్మన్నాడు.

బస్సెక్కిందాకా నాకు నమ్మకం కలగలేదు. ఎక్కాక మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. కండక్టరు టికెట్ అని అరిస్తే, ఈ ఒక్కసారికి తిరిగి అరవలేదు.

వాకిట్లో అడుగు పెట్టి సంగతి చెప్పానో లేదో, ఖాలా గడప మీద నుంచి లేచింది. "చూసినవా? నేను చెప్పలే? చుక్క పని చేసింది!"

"చుక్క కాదు ఖాలా! నా చెయ్యి! మూడు పూతలు పల్చగ కొట్టిన, టేపు సరిగ కోసిన, ఇరవై ఏండ్ల సాధన..."

ఎవరు వింటారు? అప్పటికే ఆమె వీధిలోకి తొంగిచూసి ఖయ్యూంకు చెబుతోంది, పాలవాడికి చెబుతోంది. లోపల లీలమ్మ బాణలి పెట్టింది. ఆవాలు చిటపటలాడాయి, వాకిలంతా ఇంగువ వాసన. నేను మాత్రం నా ఇరవై ఏళ్ల చెయ్యి ఏ కాటుక డబ్బీలో కలిసిపోయిందా అని ఉడికిపోతూ నిలబడ్డాను.

రూతు పరుగెత్తుకుంటూ వచ్చి నా కాళ్లకు చుట్టుకుంది. ఎత్తుకున్నాను. బుగ్గ మీద చుక్క ఉంది, తాజాగా, మెంతి గింజంత. అలవాటు కొద్దీ నా చెయ్యి జేబులోకి పోయింది, రుమాలు బయటికి వచ్చింది. వీధి గుమ్మంలో ఖాలా మాటలు ఆగాయి. ఆమె నావైపే చూస్తోంది.

నేను ఆ రుమాలుతో నా నుదుటి చెమట తుడుచుకుని మళ్లీ జేబులో పెట్టుకున్నాను.

"ఖాలా, జర నీ కాటుక డబ్బీ నాకియ్యాలె," అన్నాను, మొహం అటు తిప్పుకుని.

"ఎందుకు?"

"ఆఫీసుల అన్ని విమానాలకు పెట్టమన్నరు."

ఆమె నడుము మీద చెయ్యి పెట్టుకుంది. "ఇస్త. ముందుగాల పోరి బుగ్గ ఇగ తుడువనని చెప్పు."

ఏం చేస్తాను? చెప్పాను.